మూత కింద వేడి

బస్సులో సీటు దొరకక మెకానిక్ డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చున్నాడు. ఇనుము ఒంటికి తగలకుండా మూత మీద దూది పరిచి రెగ్జిన్ కుట్టారు, ఇంట్లో దిండులా మెత్తగా ఉంది, పొద్దుటి నుంచి పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి తిరిగి పీకుతున్న నడుముకి ఆ గోరువెచ్చదనం మొదట హాయిగానే తగిలింది, కళ్ళు మూసుకుని ఒళ్ళోని సంచిని రెండు చేతులా పట్టుకున్నాడు, సంచిలో ఫ్యాను ఉంది, అరచేతిలో ఇమిడిపోయే ల్యాప్‌టాప్ ఫ్యాను, ఒక్క రెక్క కూడా విరగనిది, దీనికోసమే కదా ఇంత దూరం వచ్చింది, రేపు వెళ్ళి బావ ల్యాప్‌టాప్‌కి బిగించేస్తే ఆ కీచు చప్పుడు పోతుంది, బావకి నిద్ర పడుతుంది, అక్క సణుగుడు తగ్గుతుంది, అనుకుంటూ ఉండగానే కింద వెచ్చదనం కాస్తా మారిపోయింది. ఎప్పుడు మారిందో తెలియలేదు. దూది ఉండబట్టి వేడి ముందుగా కబురు పెట్టలేదు, దొంగలా లోలోపలే నిండి, ఒంటికి తెలిసేసరికి భరించలేనంతగా ఉంది. చటుక్కున లేచి కడ్డీ పట్టుకున్నాడు.

"కాలిందా పెద్దాయనా?" డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. "ఆ మెత్త కుట్టింది మా ఆవిడే. వేడి పైకి రాకుండా లోపలే ఆపేస్తుందంట. మరి లోపల ఇంజను గతేంటే అన్నాను. ఇంజను సంగతి నీకెందుకయ్యా, కూర్చునేవాళ్ళ సంగతి చూడు అంది."

ముందు సీట్లవాళ్ళు నవ్వారు. మెకానిక్‌కి నవ్వు రాలేదు. వేడి పైకి రాకుండా లోపలే. ఆ మాట చెవిలో పడి అక్కడే చిక్కుకుంది, కదలదు, దాని వెనకాలే బావ ల్యాప్‌టాప్‌కి అక్క కుట్టిన కవరు కళ్ళ ముందుకొచ్చింది, నీలం గళ్ళ గుడ్డ, రెండు పొరల దూది, చివర్లో కట్టుకోవడానికి నాడాలు, ఎంత ముచ్చటపడి కుట్టిందో. అక్క ఇంట్లో కవరు లేని వస్తువు లేదు. మిక్సీకి కవరు, టీవీకి కవరు, రిమోటుకి కవరు, గ్యాసు బండకి కూడా కుచ్చిళ్ళ గౌను. అక్క పనిచేసే కుట్టు యూనిట్‌లో మిగిలిన ముక్కలన్నీ ఆ ఇంటికే చేరతాయి. బావకి గొంతున్న రోజుల్లో అనేవాడు, "ఒరేయ్, నేనీ ఇంట్లో ఆగకుండా ఎందుకు తిరుగుతుంటానో తెలుసా, కాసేపు కదలకుండా కూర్చున్నానంటే మీ అక్క నాకూ కొలతలు తీసేస్తుంది." అప్పుడు అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వి గరిటె విసిరింది. తర్వాత బావ కదలకుండా అయ్యాడు, ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడెందుకు గుర్తొస్తోంది అది, వద్దు, అసలు సంగతి అది కాదు, అసలు సంగతి పొద్దుటిది. పొద్దున తను వెళ్ళేసరికి అక్క యూనిట్‌కి వెళ్ళే హడావిడిలో ఉంది, జడ వేసుకుంటూనే మొదలుపెట్టింది, "నీ ల్యాప్‌టాప్ తగలెయ్య, మూత మూస్తే నిద్రపోతుందన్నావు, పోతోంది, మళ్ళీ లేవట్లేదురా! తెరిస్తే నల్లమొహం వేసుకు కూర్చుంటోంది. ఆయన నోరు తెరుచుకుని నావంక చూస్తాడు, నేను దానివంక చూస్తాను. ఇంకోసారి ఇది చచ్చిందంటే పాత సామాన్లవాడికి వేసేస్తా, చూస్కో." మంచం మీద బావ గుడ్లురిమాడు. తను కూర్చుని సెట్టింగుల్లోకి వెళ్ళాడు. మూత మూసినప్పుడు ఏం చేయాలి అనే చోట, నిద్రపో అన్నది తీసేసి, ఏమీ చేయొద్దు అన్నది పెట్టాడు. అంతే, ఇక మూసినా తెరిచినా అది మెలకువగానే ఉంటుంది, నిద్రే లేకపోతే లేవకపోవడమన్న బాధే లేదు, తెర ఎప్పుడు తెరిచినా వెలుగుతూనే ఉంటుంది. అక్క చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ అడిగింది, "ఇప్పుడు మూసేయొచ్చు కదరా, భయం లేదుగా?" తను "ఊఁ" అన్నాడు.

ఊఁ అంటే సరిపోతుందనుకున్నాడు. మూయొచ్చు అక్కా, కానీ కవరు తొడగొద్దు, ఇదిక మూసినా పడుకోదు, లోపల పనిచేస్తూనే ఉంటుంది, ఊపిరి ఆడాలి దానికి, అని చెప్పాలి. ఎంతసేపు పట్టేది ఆ మాటకి. ఆమె కొంగు దోపుకునేలోపు అయిపోయేది. చెప్పాలని తట్టలేదా, తట్టిందా, తట్టి బద్ధకించాడా, ఇప్పుడు తలచుకుంటే తట్టలేదనే అనిపిస్తోంది, కానీ మనసు తనకి అనుకూలంగా చెప్పుకుంటోందేమో, ఎవరికి తెలుసు. మాట ఆదా చేసే మనిషి తను. రేడియోలు బాగుచేసే రోజుల నుంచీ అంతే, మాట్లాడాల్సింది పెట్టె, తను కాదు. బావ అందుకే తనని 'వార్తలు' అని పిలిచేవాడు, రోజుకి రెండుసార్లే వస్తాయని.

బస్సు మెల్లగా కదులుతోంది, ఎదురుగా లారీల వరస, అద్దం మీద ఎండ. బావ ఈ పాటికి మధ్యాహ్నం నిద్రలో ఉంటాడు. అక్క భోజనానికి ఇంటికొచ్చి, ఆయనకి తినిపించి, మూతి తుడిచి, ల్యాప్‌టాప్ మూత మూసి, కవరు తొడిగి, నాడాలు ముడివేసి, ఛార్జరు తీగ మాత్రం బయటికి వదిలి, ఆయన పక్కనే మంచం మీద పెట్టి, బయట తాళం వేసి మళ్ళీ యూనిట్‌కి వెళ్ళిపోయి ఉంటుంది. రోజూ అంతే. నేల మీద పెడితే చీమలు పడతాయని భయం, బల్ల మీద పెడితే ఆయనకి దూరమవుతుందని భయం. దూరం పెడితే బావ ఊరుకోడు మరి, అది ఆయన గొంతు.

ఎలాంటి గొంతు అది. కూరగాయల మార్కెట్‌లో వేలం పాట పాడేవాడు బావ, గోనె బస్తాల మీద నిలబడి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, మైకు అక్కర్లేదు, అవతలి గేటు దగ్గర బండి తోలేవాడి ఎద్దు కూడా తల తిప్పేది. ఒకేసారి ముగ్గురి పాట వినేవాడు, నలుగురిని తిట్టేవాడు, మధ్యలో ఆడవాళ్ళని నవ్వించేవాడు. అక్కని చూడటానికి వచ్చిన రోజున కూడా పాడాడట, నాన్న గంభీరంగా కూర్చుంటే, "మావగారూ, పిల్ల నచ్చింది, ఒకటోసారి, రెండోసారి..." అని, తలుపు వెనక అక్క పమిట నోట్లో కుక్కుకుంది. ఆ గొంతు ఒకనాడు బస్తాల మీదే ఆగిపోయింది. పాట మధ్యలో. కుడి కాలు, కుడి చెయ్యి, నాలుక. బుర్ర మాత్రం మునుపటిలాగే ఉంది, అదే ఘోరం, లోపల మాటలన్నీ ఉన్నాయి, బయటికి గాలి తప్ప రాదు. నెలల తరబడి గోడకేసి చూస్తూ పడుకున్నాడు. అప్పుడు తను ఆ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు, ఏదో ఆఫీసువాళ్ళు పారేసింది, ఇటుకంత మందం, విండోస్ వేస్తే నత్తనడక. పార్ట్స్ షాపు అతను దాని బదులు పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ వేసిచ్చాడు, "పాత ప్రాణులకి ఇదే మందు మామా, కాకపోతే ఒక్కో అవయవాన్నీ బతిమాలుకోవాలి" అన్నాడు. నిజంగానే బతిమాలాడు. వైఫై కార్డు తనెవరో చెప్పలేదు, దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ వెతికి పట్టడానికే ఎన్నో సాయంత్రాలు పోయాయి. టచ్‌ప్యాడ్ మీద చెయ్యి పెట్టకుండానే బాణం గుర్తు తెర మీద పరుగెత్తేది, ఎవరో కనపడని వేలు పెట్టినట్టు, చివరికి దాన్ని ఆపేశాడు. స్పీకరు మూగ. తీగలన్నీ చూశాడు, బాగున్నాయి, ఇయర్‌ఫోన్లలో వస్తోంది, బయటికి రాదు. ఆఖరికి నల్ల తెరలో శబ్దాల పట్టిక తెరిస్తే స్పీకరు గడి కింద ఎమ్, ఎమ్ అని రెండు అక్షరాలు కనిపించాయి, నోరు నొక్కి ఉంచామని దాని అర్థమట. ఎమ్ మీట నొక్కాడు. గొంతు పెగిలింది. తెలుగు అక్షరాల స్టిక్కర్లు మీటల మీద అంటించి, బావ ఎడమ చెయ్యి పట్టుకుని చూపించాడు. మీట నొక్కితే ఆ అక్షరం పలుకుతుంది, మాట పూర్తయితే మాట పలుకుతుంది, ముక్కు మూసుకుని మాట్లాడే మనిషిలా, ఎత్తూ పల్లం లేకుండా. బావ పలికించిన మొదటి మాట "వెధవా". తననే. ఆ రాత్రి ఇంట్లో ముగ్గురూ ఏడ్చారు, నవ్వారు. రెండోది అక్కని, "ఏమే ఎక్కడ చచ్చావు". అక్క వంటింట్లోంచి, "ఇక్కడే చచ్చాను, ఏం కావాలి!" అంటూ పరుగెత్తుకొచ్చింది, ఆ పరుగు చూడాలి.

ఆ తర్వాతే తనకి ఒకటి నచ్చలేదు, ఎవరికీ చెప్పలేదు. అక్క మాట్లాడేటప్పుడు బావ మొహం చూడటం మానేసింది. ల్యాప్‌టాప్‌ని చూసి మాట్లాడుతుంది. పోట్లాడినా దానితోనే, మూతి తిప్పుకున్నా దానికే. అది మంచం మీద ఉంటే ఆయన్ని పలకరిస్తుంది, బాగుచేయడానికి తను దుకాణానికి తీసుకెళ్తే ఆ రోజంతా ఆ గదిలో ఎవరూ లేనట్టే తిరుగుతుంది. పాపం, ఆమె తప్పేం కాదు, గొంతు ఎటుంటే మనిషి అటే ఉన్నట్టు.

ఫోను తీసి అక్కకి చేశాడు. మోగుతోంది, మోగుతోంది, ఆగింది. యూనిట్‌లో మిషను ముందు కూర్చునేటప్పుడు ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేయాలి. మళ్ళీ చేశాడు. ఆ చీకటి పెట్టెలో, పది ఫోన్ల మధ్య తన పేరు వెలిగి ఆరుతున్నట్టు కనిపించింది. పక్కింటివాళ్ళకి చేద్దామంటే నంబరు లేదు, ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వెళ్తున్నా ఎవరి నంబరూ అడిగింది లేదు, తను అడిగే మనిషే కాదు. ఫైరు వాళ్ళకి చేస్తే? ఏమని చెప్పాలి, పొగ వస్తోందా అంటారు, తెలియదంటాడు, మంట ఉందా అంటారు, లేదంటాడు, మరేముందయ్యా అంటే, కవరులో ఒక వస్తువు వేడిగా ఉందేమోనని. నంబరు నొక్కి, అవతల మోగకముందే ఆపేశాడు. తను మరీ ఎక్కువ ఆలోచిస్తున్నాడేమో. వేడెక్కితే దానంతటదే ఆగిపోతుంది కదా. మామూలుగా ఫ్యాను కూడా దానంతటదే తిరుగుతుంది, వేడిని బట్టి వేగం పెంచుకుంటుంది. కానీ ఫ్యాను. రెక్క విరిగిన ఫ్యాను కీచుమంటోందని, బావకి నిద్ర పట్టడంలేదని, పోయిన వారమే ఫ్యాను వేగాన్ని తన చేతికి తీసుకున్నాడు, అన్నింటికంటే తక్కువలో పెట్టాడు, కొత్తది దొరికేదాకా అని. మనం చేతికి తీసుకున్నాక అదిక వేడిని చూసుకోదు, మనమే చూసుకోవాలి. పైగా పొద్దున బయల్దేరే ముందు ల్యాప్‌టాప్‌లో కొత్త గొంతు ఒకటి నెట్ నుంచి దింపమని పెట్టాడు, కాస్త మనిషి గొంతులా ఉంటుందంటే, దింపి, విప్పి, సర్దుకునేసరికి సాయంత్రమవుతుంది, అంతసేపూ అది ఒళ్ళు హూనం చేసుకుని పనిచేస్తుంది. ఒక్కొక్కటీ చూస్తే ఏ తప్పూ లేదు. ఫ్యాను తగ్గించింది ఆయన నిద్రకి. మూత సంగతి మార్చింది ఆయన మాటకి. గొంతు దింపుతున్నది ఆయన ముచ్చటకి. కవరు దుమ్ము పడకుండా. తాళం దొంగలు రాకుండా. అన్నీ ప్రేమతో చేసినవే, అన్నీ కలిసి ఆ మంచం మీద పక్కపక్కన చేరాయి.

బస్సు ఆగింది. రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వస్తోంది, వచ్చేస్తే బాగుండు, రాదు, ముందు దాని కూత వస్తుంది, తర్వాత దాని నీడ, తర్వాత పెట్టెలు, పెట్టెలు, పెట్టెలు. పార్ట్స్ షాపు అతనికి ఫోను చేశాడు, ఎత్తాడు, వెనక ఏదో పెళ్ళి బాజా.

"ఏంటి మామా, నువ్వే ఫోను చేశావంటే ఇవాళ వాన పడుద్ది."

"ల్యాప్‌టాప్ కవరులో పెట్టి కడితే ఏమవుతుంది? పనిచేస్తుండగా."

"వేడెక్కుద్ది. మరీ ఎక్కువైతే ఆగిపోద్ది. ఏం కాదులే."

"ఛార్జింగులో ఉంది. బ్యాటరీ ఏమైనా అవుతుందా?"

"మంచి బ్యాటరీ అయితే ఏం కాదు మామా. ఏ బ్యాటరీ వేశావు?"

"నువ్వు ఇచ్చిందే. మొన్నటిది."

బాజా వినిపిస్తోంది. అతను పక్కకి జరిగినట్టు అది దూరమైంది. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, "ఎవరి పక్కన ఉంది మామా అది?"

"మా బావ పక్కన."

"వెళ్ళు. నేను ఊళ్ళో లేను. నువ్వు తొందరగా వెళ్ళు మామా."

ఉబ్బిన బ్యాటరీని ఒకసారి చూశాడు తను, ఆ షాపులోనే, చంటిపిల్ల దిండులా ఉబ్బి ఉంది, నొక్కితే మెత్తగా, లోపల గాలి ఉన్నట్టు. అతను ఆటగా స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. ముందు ఏమీ కాలేదు. తర్వాత పాము బుస కొట్టినట్టు సన్నగా ఒక చప్పుడు, తియ్యటి వాసన, పండు మగ్గినట్టు, ఆ తర్వాత తెల్లటి పొగ, అంత చిన్నదానిలోంచి అంత పొగ ఎలా వచ్చిందో, షాపంతా నిండింది, ఇద్దరూ రోడ్డు మీద పడి దగ్గారు. కాళ్ళున్నాయి కాబట్టి రోడ్డు మీద పడ్డారు. పాత రేడియోల్లో వాల్వులుండేవి, అవీ వేడెక్కేవి, కానీ ఎర్రగా వెలుగుతూ వేడెక్కేవి, చూసినవాడికి తెలిసేది, ముట్టుకోవద్దురోయ్ అని అవే చెప్పేవి. ఇది చెప్పదు. అయినా బావకి తెలుస్తుందిలే, పక్కనే కదా, వేడి తగిలితే లేస్తాడు, ఎడమ చేత్తో తోసేస్తాడు, అంత తెలివిలేనివాడా, అని కాస్త ఊపిరి తీసుకున్నాడు. ఊపిరి సగంలో ఆగింది. ఎటు పక్కన పెడుతుంది అక్క? కళ్ళు మూసుకుని గదిని తెచ్చుకున్నాడు. తలుపు తీయగానే ఎదురుగా గోడ, గోడకి ఆనించి మంచం, తల కిటికీ వైపు. ఇటు పక్క స్టూలు, దాని మీద నీళ్ళ గ్లాసు, గ్లాసు అందుకోవాలి కాబట్టి ఇటున్నది ఎడమ చెయ్యి, బతికున్న చెయ్యి. గోడకీ ఆయనకీ మధ్య ఉండేది కుడి పక్క. పడిపోకుండా ఉంటుందని అక్క గోడవారనే పెడుతుంది, తను ఎన్నిసార్లు అక్కడినుంచి తీయలేదు. కుడి చెయ్యి దానిమీదే పడి ఉంటుంది. సూది గుచ్చినా తెలియని చెయ్యి. డాక్టరు గుచ్చి చూపించాడు కూడా, బావ తన చేతిలోకి దిగిన సూదిని పక్కింటివాడి చెయ్యి చూసినట్టు చూశాడు.

గూడ్సు పెట్టెలు అయిపోయాయో లేదో తెలియదు, మెకానిక్ దిగేశాడు, గేటు లేస్తుండగానే వంగి దాటాడు, వెనక డ్రైవరు "పెద్దాయనా, స్టాపు ముందుంది!" అని అరుస్తున్నాడు, ఆటోలన్నీ నిండుగా ఉన్నాయి, పరుగెత్తాడు, పరుగంటే పరుగు కాదు, ఈ వయసులో మోకాళ్ళు ఒకదాన్నొకటి అడుగుతూ వేసే అడుగులు. చెప్పుల దుకాణం, జిరాక్సు, మూసేసిన క్లినిక్కు, మధ్యాహ్నం నిద్రపోతున్న వీధి. ముక్కు ముందుకు పెట్టి వాసన చూస్తున్నాడు. ఎవరింట్లోదో పండు వాసన వచ్చింది, ఆగి చూస్తే అది బండి మీద మగ్గిన పండ్లే, బండివాడు గొడుగు కింద కునుకుతున్నాడు. సందు తిరిగాడు. పొగ లేదు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది, తలుపుకి తాళం, గడప మీద ఎండ, అంత ప్రశాంతంగా ఉండటం చూస్తేనే భయం వేసింది. పక్క సందులోకి వెళ్ళి కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

గదిలో సగం చీకటి. బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నోరు కాస్త తెరుచుకుని, ఛాతీ లేస్తోంది, పడుతోంది. గోడవార నీలం గళ్ళ కవరు, దాని మీద కుడి చెయ్యి, నిద్రపోతున్న పిల్ల మీద వేసినట్టు. కవరు నడుమ గళ్ళు సమంగా లేవు. పైకి పొంగి ఉన్నాయి.

"బావా!"

కళ్ళు తెరిచాడు. తల మెల్లగా కిటికీ వైపు తిప్పాడు.

"నీ కుడి పక్కన ఉన్నది తోసెయ్ బావా. కింద పడెయ్. తొందరగా."

బావ దానివంక చూశాడు, తనవంక చూశాడు. ఎడమ చెయ్యి మెల్లగా ఒంటి మీదుగా దాటి వెళ్ళి కవరు మీద ఆగింది, తోయడానికి కాదు, కాపాడటానికి. తల అడ్డంగా ఆడించాడు. పొద్దున అక్క అన్న మాట ఆయన మనసులో ఉంది, పాత సామాన్లవాడికి వేసేస్తానన్న మాట, దాన్ని తీసుకుపోవడానికే వీడొచ్చాడని, అందుకే కిటికీలోంచి దొంగలా పిలుస్తున్నాడని. మెకానిక్ ఊచల్లోకి మొహం ఆనించాడు. ఇన్నేళ్ళూ ఆదా చేసిన మాటలన్నీ ఎక్కడ దాచాడో తెలియలేదు, వెతుక్కున్నాడు, దొరికినవి దొరికినట్టు ఊచల మధ్య నుంచి విసిరాడు.

"తీసుకుపోవడానికి రాలేదు బావా, నీ మీదొట్టు. అది కాలిపోతోంది. నీకు తెలీదు, అది నీ పడిపోయిన చెయ్యి. ఆ ఎడమ చెయ్యి గట్టిగా అదిమి చూడు... చూశావా? మూత మూస్తే పడుకోకుండా నేనే చేశాను. ఫ్యాను నేనే తగ్గించాను. ఆ బ్యాటరీ నేనే వేశాను. అక్కకి చెప్పలేదు, నీకూ చెప్పలేదు, నాదే తప్పు, తర్వాత తిట్టు, ఎన్ని తిట్లు కావాలంటే అన్ని తిట్టు. గోడ వైపు దారి లేదు. నీ మీదుగానే లాగాలి. గుండెల మీదుగా లాగు. బరువుంటుంది, కాలుతుంది, అయినా ఆగొద్దు. నాడా పట్టుకో. లాగు బావా!"

బావ అరచేతిని ఎత్తి చూసుకున్నాడు. అది ఎర్రగా ఉంది. అప్పుడు తన కుడి చేతిని చూశాడు, కవరుకి అంటుకుని ఉన్న చెయ్యి. ఆయన మొహంలో నొప్పి లేదు. నాడా పట్టుకుని లాగాడు. బరువుగా పైకెక్కింది, ఛాతీ మీదికి వచ్చింది, ముడి ఊడింది. కవరు చేతిలోకి వచ్చేసింది, ఉబ్బిన ల్యాప్‌టాప్ మాత్రం ఆయన గుండెల మీదే ఉండిపోయింది, సన్నగా ఆ బుస మొదలైంది. బావ దాని మూత మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. ఎందుకు ఆగాడో మెకానిక్‌కి తెలుసు. "ఇంకోటి తెస్తాను," అన్నాడు, తెస్తాడో లేదో తనకే తెలియకుండా. బావ కళ్ళు గట్టిగా మూసుకుని తోసేశాడు. అది నేల మీద మూత విరిగి తెరుచుకుని పడింది, తెల్లటి పొగ ఒక్క ఉదుటున లేచి మంచాన్ని మింగింది.

తాళం దగ్గరికి ఎలా వచ్చాడో, జేబులోని స్క్రూడ్రైవర్ గొళ్ళెం కిందికి ఎలా దూరిందో, పాత చెక్క పటపటమంటూ ఎప్పుడు ఊడిందో తెలియదు. పొగలో చేతులు పెట్టి వెతికాడు, బావ చంకలు దొరికాయి, దుప్పటితో సహా ఈడ్చాడు, గడప మీద ఇద్దరూ పడ్డారు, మళ్ళీ లేచి ఈడ్చాడు, వాకిట్లో గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. బావ దగ్గుతున్నాడు. ఆయన కుడి ముంజేతి మీద చర్మం ఊడి, కవరు కుట్ల వరస అచ్చు పడి ఉంది, ఛాతీ మీద చొక్కా మాడింది. బతికే ఉన్నాడు. మెకానిక్ ఆయన భుజం పట్టుకుని ఆ మాటే లోలోపల అనుకుంటున్నాడు, బతికే ఉన్నాడు, బతికే ఉన్నాడు, అప్పుడు లోపల నుంచి ఆ గొంతు వినిపించింది.

"అ."

ఛార్జరు తీగ ఇంకా గోడకే ఉంది. పడ్డప్పుడు మీట ఏదో నొక్కుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. "అ. అ. అ." ముక్కు మూసుకున్న గొంతు, ఎత్తూ పల్లం లేకుండా, పొగలోంచి, మాట మొదలుపెట్టబోయి మొదలుపెట్టలేనివాడిలా. బావ దగ్గు ఆగింది. తలుపు వైపు చూస్తున్నాడు.

సందు చివర నుంచి అక్క పరుగెత్తుకొస్తోంది, చేతిలో ఫోను, తను చేసిన కాల్స్ చూసుకుని బయల్దేరినట్టుంది, కాళ్ళకి చెప్పులు లేవు. వాకిట్లోకి వచ్చింది, పొగ చూసింది, గొంతు వింది. గోడ పక్క కూర్చున్న మనిషి ముందు నుంచే దాటుకుని తలుపులోకి దూకబోయింది. మెకానిక్ నడుము పట్టుకుని వెనక్కి లాగాడు.

"వదలరా! పిలుస్తున్నాడురా, లోపల ఉన్నాడు!"

"అక్కా, బావ ఇక్కడున్నాడు. ఇటు చూడు. ఇక్కడే ఉన్నాడు!"

చూసింది. బావని నిలువునా చూసింది, ఆయన మొహం, మాడిన చొక్కా, తెరిచిన కళ్ళు. చూసి కూడా ఆమె ఒళ్ళు తలుపు వైపే గుంజుతోంది, లోపల గొంతు పిలిచినప్పుడల్లా ఒక్కో గుంజు. "అ. అ." బావ ఎడమ చెయ్యి చాచి ఆమె చీర అంచు పట్టుకున్నాడు, నోరు తెరిచాడు, గాలి వచ్చింది. ఆమె చీర విదిలించుకుంది. "అ." తర్వాత మళ్ళీ రాలేదు. లోపల ఏదో పగిలిన చప్పుడు, ఆ తర్వాత మంట చప్పుడు ఒక్కటే. అక్క మెకానిక్ చేతుల్లో నుంచి జారి నేల మీద కూలబడింది, గుండెలు బాదుకుంటూ, పోయినవాళ్ళకి ఏడ్చే ఏడుపు ఎత్తుకుంది, పేరు పెట్టి పిలుస్తూ, నన్నొదిలి వెళ్ళిపోయావా అంటూ. చుట్టుపక్కల తలుపులు తెరుచుకుంటున్నాయి. బావ ఆమె పక్కనే, చెయ్యి చాచినంత దూరంలో కూర్చుని, రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు.